కూర్చోవలసిన ఏడాది

7 జూన్ 1999, సోమవారం

నాకు ఉద్యోగం వచ్చింది. ఈ నోటుబుక్కు ఆఫీసు నోట్సు కోసం కొన్నాను గానీ, మొదటి పేజీ నా సంతోషానికే అయిపోయేట్టుంది.

పారమటా స్టేషన్ వెనక, చెప్పులు బాగుచేసే దుకాణం పైన రెండు గదులు. నాలుగు టీవీలు, నాలుగు వీసీఆర్‌లు, గోడ పొడుగునా క్యాసెట్లు. యజమాని పేరు డగ్. అరవై ఏళ్ళుంటాయి, ఎడమ మోకాలు వంగదు. ఇరవై ఏళ్ళు అమెరికాలో ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేసి పుట్టిన ఊరికి తిరిగి వచ్చేశాడట. ఈ ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, చేత్తో విసిరేది. మనుషులు ఒకరినొకరు పొట్టేళ్ళలా గుద్దుకుంటారు.

"ఈ ఆట ఎప్పుడైనా చూశావా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"మంచిది. ఆట తెలిసినవాళ్ళు బంతిని చూస్తారు. నాకు బంతిని చూడని మనిషి కావాలి."

తెనాలి డిగ్రీ కాలేజీలో ఎనిమిదేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పాక, ఆస్ట్రేలియా వచ్చి నాలుగు నెలలు హారిస్ పార్క్ దుకాణాల్లో కందిపప్పు ధరలు పోల్చుకుంటూ తిరిగాను. ఇంటికి వచ్చి చెబితే మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు. "క్రికెట్టే చూడవు కదే నువ్వు, నీకు ఫుట్‌బాలా!" అన్నారు.

10 జూన్

పని అర్థమైంది. అమెరికాలో ఒక పెద్ద జట్టు కోచ్‌కి ఒక ప్రశ్న ఉంది: కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన క్వార్టర్‌బ్యాక్ ఎలా తయారవుతాడు, ఎప్పుడు దింపాలి? దానికి పదేళ్ళ క్యాసెట్లు చూసి లెక్క తీయాలి.

క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకు మెదడు. ప్రతిసారీ బంతి మొదట అతని చేతికి వస్తుంది. ముందు అయిదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. అవతలివాళ్ళు ఆ గోడ పడగొట్టి ఇతన్ని నేల కరిపించడానికి వస్తారు. ఇతనికి ఉన్నది మూడు సెకన్లు, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ కాస్తలో లెక్కగా వెనక్కి అడుగులు వేసి, దూరంగా పరుగెత్తే తనవాళ్ళలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి విసరాలి. మీద పడబోయేవాణ్ణి మాత్రం చూడకూడదు!

"ఇది మనిషి స్వభావానికి విరుద్ధం. అందుకే నేర్పాలి" అన్నాడు డగ్.

ప్రతి విసురుకీ నేను మూడు గడులు నింపాలి. కళ్ళు ఎటు చూశాయి, కాళ్ళు ఎలా పడ్డాయి, ఎంత సేపట్లో విసిరాడు. బంతి ఏమైందో నాకు అక్కర్లేదు.

24 జూన్

కొత్తవాళ్ళు రెండు రకాలు. కొన్ని జట్లు మొదటి ఏడాది కూర్చోబెడతాయి. అతను గీత బయట ఒక అట్ట పట్టుకుని, పాత ఆటగాడి పక్కన నిలబడి, చూస్తాడు, రాసుకుంటాడు, అడుగుతాడు. అంతే పని. ఇంకొన్ని జట్లు మొదటి వారమే దింపేస్తాయి. ఎత్తుల పుస్తకం టెలిఫోన్ డైరెక్టరీ అంత ఉంటుంది. అందులో సగం కూడా బుర్రకెక్కకముందే వాడు మైదానంలో ఉంటాడు.

డగ్ చెప్పిన మాట ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. "కూర్చున్నవాడు ఆట నేర్చుకుంటాడు. ముందే దిగినవాడు, ముందున్న గోడ గట్టిది కాకపోతే, దెబ్బ తప్పించుకోవడం నేర్చుకుంటాడు. రెండూ వేరు వేరు విద్యలు. రెండోది వస్తే మొదటిది రాదు."

మా ఆయన తెనాలిలో మా కాలేజీలోనే ఫిజిక్స్ చెప్పేవారు. పిల్లల వైపు చూస్తూనే, వెనక్కి తిరక్కుండా బోర్డు మీద గుండ్రటి వృత్తం గీసేవారు. అది చూసే నేను పెళ్ళికి ఒప్పుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఆయనకు చెప్పలేదు, పొంగిపోతారని.

4 జూలై, ఆదివారం

శేషాచలం అంకుల్ వాళ్ళు కరివేపాకు మొక్క తెచ్చిచ్చారు. ఆయనది నెల్లూరు, ఇక్కడికి వచ్చి పదిహేనేళ్ళు. మా ఆయన పనిచేసే ఇన్సూరెన్స్ కంపెనీలోనే వేరే టీమ్‌కి పెద్ద. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు లెక్క కడతాయన్న భయంతో ఆ కంపెనీ మూడు అంతస్తుల నిండా మనవాళ్ళను తెచ్చి పెట్టుకుంది.

అంకుల్ భోజనాల దగ్గర మా ఆయన్ని సింగపూర్ బ్యాంకు గురించి అడిగారు. "ఏ వీధిలో ఉండేదయ్యా మీ ఆఫీసు?" అని. మా ఆయనకు దగ్గు వచ్చింది. నేను పులిహోర వడ్డించాను.

మేము సింగపూర్ చూసింది విమానం మారడానికి మూడు గంటలు.

రాయడానికేముంది, ఇది నా పుస్తకం. అమీర్‌పేటలో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేశారు మా ఆయన. "అయిదేళ్ళ అనుభవం లేకపోతే ఆస్ట్రేలియావాళ్ళు రెజ్యూమే పక్కన పడేస్తారు మేడమ్, అందరూ పెట్టేదే" అన్నాడు కన్సల్టెన్సీ అతను. ఈయన వద్దన్నారు. ఇంగ్లీషు నాది బాగుంటుంది. సింగపూర్‌లో ఒక బ్యాంకు, ఒక ప్రాజెక్టు, ఒక మేనేజరు, అతని మెచ్చుకోలు లేఖ కూడా నేనే పుట్టించాను. చదివి ఈయనే, "ఎవరో గానీ గట్టివాడే" అన్నారు. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

8 ఆగస్టు, ఆదివారం

అమెరికా జట్లు రెండు వచ్చి ఒలింపిక్ స్టేడియంలో ప్రదర్శన ఆట ఆడాయి. డగ్ రెండు టిక్కెట్లిచ్చాడు. మా ఆయన ఆట చూడలేదు, గీత బయట అట్ట పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణే చూస్తూ కూర్చున్నారు.

"అతనికి జీతం ఇస్తారా?"

"ఎందుకివ్వరు? బోలెడు."

"ఊరికే చూస్తున్నందుకా?"

"నేర్చుకుంటున్నందుకు."

"అదృష్టవంతుడు" అన్నారు. తిరుగు రైల్లో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోయారేమో.

16 సెప్టెంబర్

కొత్త సీజన్ మొదలైంది. ఇక నుంచి పాత క్యాసెట్లతో పాటు ఈ ఏటి కొత్తవాణ్ణి కూడా వారం వారం చూడాలి. కొరియర్‌లో క్యాసెట్ వస్తుంది. కోచ్‌గారి జట్టులో కొత్తవాడి చొక్కా నంబరు పదకొండు. ఇరవై రెండేళ్ళు. పేరు పలకడం నాకు కష్టం, పదకొండు అంటాను. ఈ ఏడాది కూర్చోబెడతారట. ముప్పై ఆరేళ్ళ పాత క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడి చెవిలో ఏదో అడుగుతున్నాడు, ఆయన చేత్తో చూపించి చెబుతున్నాడు. ముచ్చటగా ఉంది.

30 సెప్టెంబర్

జట్టు రెండు ఆటలు ఓడిపోయింది. జనం గోల చేశారట, అంత పేరున్న కుర్రాణ్ణి తెచ్చి కూర్చోబెడతారా అని. పాతాయన్ని పక్కనపెట్టి పదకొండును దింపేశారు. డగ్ క్యాసెట్ ఆపి బయటికి వెళ్ళి సిగరెట్ కాల్చి వచ్చాడు.

పదకొండు ఏడుసార్లు కింద పడ్డాడు. ఏడుసార్లూ లేచాడు.

5 అక్టోబర్

మా ఆయన ఈమధ్య అన్నం త్వరగా తినేస్తున్నారు. పని ఎక్కువ.

10 అక్టోబర్, ఆదివారం

పొద్దున బట్టలు ఆరేస్తుంటే వెనక వచ్చి నిలబడ్డారు.

"జయా, నాకు రాదని చెప్పేస్తే ఏమవుద్ది?"

"ఎవరికి చెబుతారు?"

"ఎవరికో ఒకరికి. మొన్న ఒక చిన్న విషయం. పక్క సీట్లో పిల్లాణ్ణి అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేవాడే. నాలుగు గంటలు కూర్చున్నా. తెలీనోడు అడగొచ్చు. అయిదేళ్ళోడు ఎట్టా అడుగుతాడే?"

"మూడు నెలలే కదండీ. జనవరి ఒకటి దాటితే అంతా సర్దుకుంటుంది. మీకు రాకపోవడమేమిటి, ఎమ్మెస్సీ గోల్డ్‌మెడల్!"

ఆయన క్లిప్పులు అందించారు. నా మాటతో కాస్త ధైర్యం వచ్చినట్టే ఉంది.

13 అక్టోబర్

పదకొండు లెక్కలు. మొదటి ఆటలో సగటున 2.9 సెకన్లకు విసిరాడు. ఇప్పుడు 2.2. తొందర నేర్పు కాదు. కళ్ళు దూరంగా చూడడం లేదు, మీదికి వచ్చేవాళ్ళ మీదికి దిగిపోతున్నాయి. పాదాలు ఒకచోట నిలవడం లేదు, కాలే గచ్చు మీద ఉన్నట్టు.

17 అక్టోబర్, ఆదివారం

శేషాచలం అంకుల్ వచ్చారు. కాఫీ తాగి వెళ్ళారు.

19 అక్టోబర్, మంగళవారం

డగ్ నన్ను మొదటిసారి సొంతంగా నివేదిక రాయమన్నాడు. ఒక్క పేజీ. రెండుగంటల్లో రాశాను, ఒక్క మాట కొట్టేయలేదు.

రాసింది ఇది: "ఇతన్ని వెంటనే తీసి కూర్చోబెట్టండి. ఇది ఫామ్ సమస్య కాదు, అలవాటుగా మారుతున్న భయం. ఇంకో నాలుగు వారాలు ఆడితే అది ఒంట్లో ఇంకిపోతుంది, తర్వాత ఎంత మంచి గోడ కట్టినా పోదు. ఇతనికి తెలియనివి చాలా ఉన్నాయి, అడిగే వీలు లేదు. నాయకుడని చెప్పి దింపాక ఎవరినీ అడగలేడు. అడిగే వీలు ఇవ్వండి. ఇప్పుడు తీసేస్తే అవమానం అనుకుంటాడు. అనుకోనివ్వండి. తనంతట తాను తప్పుకోలేడు, దగ్గరివాళ్ళే తప్పించాలి."

డగ్ రెండుసార్లు చదివాడు. "వాళ్ళకు నచ్చదు. అయినా పంపిస్తున్నా" అన్నాడు. ఇంటికి నడుచుకుంటూ వచ్చాను, గాల్లో తేలుతున్నట్టుంది. దారిలో మాగ్‌పై పిట్ట నెత్తిమీద పొడవబోయినా కోపం రాలేదు.

2 నవంబర్, మంగళవారం

మెల్‌బోర్న్ కప్ రోజు. ఊరంతా గుర్రప్పందేల మీద ఉంది. డగ్ నాకు కాగితం టోపీ పెట్టాడు.

మా ఆయన ఆఫీసులో పెద్ద పొరపాటు జరిగింది. పరీక్ష కోసం పెట్టిన తేదీలు అసలు ఫైల్లోకి వెళ్ళిపోయాయి. వేలమంది పాలసీలు గడువు తీరిపోయినట్టు చూపించాయట. శేషాచలం అంకుల్ టీమ్ వచ్చి సరిచేసింది. మేనేజరు అందరి ముందూ, "సింగపూర్‌లో కూడా ఇలాగే చేసేవాడివా?" అని అడిగాడట.

"మీరేమన్నారు?" అన్నాను.

"అవునన్నా. ఏమనాలో తెలీలా."

కోపం వచ్చింది నాకు. అవునని ఎవరైనా అంటారా!

7 నవంబర్

రెండు నెలలు కూడా లేవు. యాభై నాలుగు రోజులు.

25 నవంబర్

అమెరికావాళ్ళు పదకొండును తీయలేదు. ఈ వారం గోడ బాగా నిలబడింది. ఎవరూ అతని దగ్గరికి రాలేదు. అయినా అతను తల వంచుకుని పక్కకు పరుగెత్తి, తనంతట తానే పడిపోయాడు. ముట్టుకున్నవాడు లేడు. పద్నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను. డగ్ మెల్లగా రిమోట్ నా చేతిలోంచి తీసుకున్నాడు.

ఇంట్లో కుక్కర్ కూత వేస్తే మా ఆయన చేతిలో కంచం జారిపోయింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వంగి మెతుకులు ఏరారు, ఒక్కొక్కటీ.

ఎండలు ముదిరాయి. ఎండలకు అందరికీ చిరాకుగానే ఉంటుంది.

16 డిసెంబర్

పదకొండు కాలర్‌ఎముక విరిగింది. లేవలేదు. బండి మీద తీసుకెళ్ళారు. ముఖం మీద తువ్వాలు వేసుకున్నాడు. ఇక మూడు గడులూ ఖాళీయే.

నాకు విచిత్రంగా హాయిగా అనిపించింది. ఇక వారం వారం చూడక్కర్లేదు కదా.

1 జనవరి 2000, శనివారం

ఏమీ కాలేదు. లైట్లు వెలిగాయి, కుళాయిలో నీళ్ళు వచ్చాయి, రైళ్ళు నడిచాయి. వాళ్ళందరూ మూడు అంతస్తుల్లో రాత్రంతా కూర్చున్నది ఇందుకే, ఏమీ కాకుండా ఉండడానికి.

మా ఆయన పొద్దున తొమ్మిదింటికి వచ్చి, బూట్లు విప్పకుండా మంచం అంచున కూర్చున్నారు.

"అయిపోయిందండీ!" అన్నాను.

"ఏది?" అన్నారు.

23 జనవరి

ఇంకా సర్దుకోలేదు. అలసట. ఇంత పని చేశాక ఎవరికైనా నెల పడుతుంది.

15 ఫిబ్రవరి

ఇవాళ లెక్కపెట్టాను. స్టాటిస్టిక్స్ మనిషిని, లెక్కపెట్టకుండా ఉండలేను. పొద్దున లేచింది మొదలు ఆఫీసుకు వెళ్ళేలోపు "సరేనా?" అని పదకొండుసార్లు అడిగారు. ఈ చొక్కా సరేనా. కాఫీలో పాలు ఇంతే, సరేనా. తలుపు వేశాను, సరేనా. నేను సరే అన్నాకే అడుగు కదుపుతారు.

అంకె పన్నెండని రాద్దామనుకున్నాను. పదకొండే.

1 మార్చి

ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిని కూడా కంప్యూటర్లు మింగేస్తాయన్నారు, మింగలేదు. ఇక మనవాళ్ళతో పనిలేదు. మొదటి అంతస్తు ఖాళీ చేశారు.

17 మార్చి, శుక్రవారం

మా ఆయన కాంట్రాక్టు అయిపోయింది. వీసా ఆ కంపెనీ మీదే ఉంది. ఇరవై ఎనిమిది రోజుల్లో ఇంకో కంపెనీ పెట్టుకోవాలి, లేదా వెళ్ళిపోవాలి.

సాయంత్రం డగ్‌తో చెప్పి సెలవు తీసుకుందామనుకున్నాను. అతను నాకు ఒక ఉత్తరం చూపించాడు. అమెరికా కోచ్ రాశాడు. "మీ అమ్మాయి అక్టోబరులో చెప్పింది మేము వినాల్సింది. ఇలా చూడగల మనిషిని నేను ఇరవై ఏళ్ళలో చూడలేదు. ఇంకో మూడేళ్ళ పని మీకే ఇస్తున్నాం, ఆమె ఉంటేనే." వీసాకి డగ్ నన్ను స్పాన్సర్ చేస్తాడట. నా పేరు మీద. మా ఆయన నా వెనక ఉండొచ్చు.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. ఈ బల్లి పడలేదు. పక్కనున్న మనిషిని తోసి, గట్టు మీద నిలబడి మెప్పు పొందుతోంది.

26 మార్చి, ఆదివారం

అక్టోబరు పదిహేడున రాయనిది ఇవాళ రాస్తాను.

శేషాచలం అంకుల్ వచ్చేసరికి మా ఆయన దుకాణానికి వెళ్ళారు. అంకుల్ కాఫీ చేతిలో పట్టుకుని నిలబడే అడిగారు. "అమ్మా, ఒక మాట అడగతా, ఏమనుకోబాక. రాజారావుకి నిజంగా అయిదేళ్ళుండాదా? లేదంటే లేదని చెప్పు. పర్లేదు, నేనెవురికీ చెప్పను. నా టీమ్‌లోకి మార్పించుకుంటా, నా పక్కన కూర్చోబెట్టుకుంటా. ఒక ఏడాది నేర్చుకోనీ. తెలివైనోడు, పాడైపోతన్నాడు."

నేను, "ఉంది అంకుల్. అయిదేళ్ళూ ఉంది. ఆయనకు కాస్త మొహమాటం, అంతే" అన్నాను.

ఆ తర్వాత రెండు రోజులకే ఆ నివేదిక రాశాను. దగ్గరివాళ్ళే తప్పించాలని రాశాను. అదే చేత్తో.

వీసా భయం అని రాసుకోవచ్చు. అది సగం నిజం. నిజం బయటపడితే ఆయన్ని పంపేస్తారేమో, ఆయనతో పాటు నేనూ పోతాను, నా టీవీలు, నా మూడు గడులు పోతాయి. పెళ్ళయిన ఏడేళ్ళకు, కాదు, పుట్టిన ముప్పై నాలుగేళ్ళకు, మొదటిసారి ఒక మనిషి, డగ్, నాతో "నీకు కనిపించినట్టు ఎవరికీ కనిపించదు" అన్నాడు. దాన్ని వదులుకోలేకపోయాను. అంతే. ఆయన కళ్ళు, ఆయన కాళ్ళు నాకు కనపడలేదని మాత్రం ఎవరూ అనలేరు. ప్రతి రోజూ చూశాను. చూసి ఎండలన్నాను, అలసటన్నాను.

28 మార్చి

శేషాచలం అంకుల్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను.

"అప్పుడే చెప్పుంటే బాగుండేదమ్మా. ఇప్పుడు నా టీమే లేదే. నన్ను కూడా ఇంటికి పొమ్మన్నారు." తర్వాత ఆయనే నన్ను ఓదార్చారు.

18 ఏప్రిల్

అమెరికా జట్టు ఇంకో కొత్తవాణ్ణి తెచ్చుకుంది. ఇతన్ని కూర్చోబెడతారట, నా నివేదిక గోడకు అంటించారట. పదకొండు ఎముక అతుక్కుంది. ఇప్పుడు కోచ్ ప్రశ్న: అతను బాగవుతాడా?

పాత క్యాసెట్లన్నీ మళ్ళీ తీశాను. బలహీనమైన గోడ వెనక ముందే దిగినవాళ్ళు పంతొమ్మిది మంది. అందులో మళ్ళీ నిలదొక్కుకున్నవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ వేరే ఊరు వెళ్ళి, రెండేళ్ళ పాటు ఎవరో ఒక పెద్దాయన పక్కన నిలబడి, ఏమీ రానివాళ్ళలా మొదటి నుంచి అడిగి నేర్చుకున్నారు. మిగతా పదహారు మంది ఏమయ్యారో క్యాసెట్లలో లేదు.

మూడు బై పంతొమ్మిది. క్లాసులో అయితే ఈ లెక్కతో ఏమీ తేల్చలేమని చెప్పేదాన్ని. ఇంట్లో ఆ మూడునే పట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు. వంట చేస్తున్నారు. ఉప్పు వేసే ముందు ఆఫీసుకు ఫోన్ చేస్తారు. డగ్ ఫోన్ నా చేతికిచ్చి, అటు తిరిగి కిటికీలోంచి చూస్తాడు.

23 ఏప్రిల్

ఒక చెంచా. ఒకటిన్నర చెంచా. సరే. సరే.

7 మే 2000, ఆదివారం

డగ్ గడువులోగానే దరఖాస్తు పెట్టాడు, మిగిలిన వీసా ఫారాలు మేము నింపాలి. పొద్దున కాఫీలు తాగాక కూర్చున్నాం. నావి నేను నింపుకున్నాను. ఆయనవి ఆయనకిచ్చాను, ఆయన చేతిరాత నా దానికన్నా బాగుంటుంది. పేరు రాసి, "సరేనా?" అన్నారు. పుట్టిన తేదీ రాసి, "సరేనా?" అన్నారు. నేను సరే, సరే అంటూ ఉల్లిపాయలు తరుగుతున్నాను.

నాలుగో పేజీలో ఆగిపోయారు. ఉద్యోగ అనుభవం ఎన్ని సంవత్సరాలు అని ఉంది అక్కడ. పెన్ను ఎత్తి పట్టుకుని నా వైపు చూశారు.

"ఇక్కడ ఎన్నేళ్ళు రాయమంటావు, జయా?"

కత్తిపీట పక్కన పెట్టాను. ఇక ఆపుకోలేకపోయాను. అక్టోబరులో శేషాచలం అంకుల్ ఏం అడిగారో, నేనేం చెప్పానో, ఆ వారమే ఎవరో అమెరికా పిల్లాణ్ణి కాపాడమని ఎంత బాగా రాశానో, అంతా చెప్పేశాను. ఏడ్చాను. క్షమించమని మాత్రం అడగలేదు.

ఆయన కోప్పడలేదు. పెన్నుకు మూత పెట్టారు.

"నాకు తెలుసు. ఆ రోజు దుకాణం మూసేసుంటే వెంటనే తిరిగొచ్చేశా. మెట్ల మీదున్నా. తలుపు తీసే ఉంది కదా, అంతా వినబడింది."

"మరి లోపలికి ఎందుకు రాలేదండీ? అబద్ధం అని ఎందుకు చెప్పలేదు?"

ఆయన ఆలోచించారు. ఇప్పుడు ఏ మాటకైనా అంతసేపు పడుతుంది.

"ఆయన పక్కన కూర్చోబెట్టుకుంటా అన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. వచ్చేద్దామనే అనుకున్నా. ఈలోగా నువ్వు ఉందన్నావు. ఎంత గట్టిగా అన్నావో నీకు తెలీదు, ఒక్క క్షణం కూడా తడుముకోలా. నువ్వు నన్ను రోజూ చూసేదానివి కదా. నువ్వే అంత గట్టిగా అంటే, ఏమో, నాకు నిజంగానే వచ్చేమో, నాకే తెలీటం లేదేమో అనుకున్నా. మర్నాడు ఆ ధైర్యంతోనే ఆఫీసుకి వెళ్ళా."

కాసేపు ఫారం వైపు చూశారు.

"అట్టా అనుకోవడం తప్పంటావా, జయా?"

మాట వరసకు అన్నది కాదు. నిజంగానే అడుగుతున్నారు. నేను చెప్పేదాకా పెన్ను ముట్టుకోకుండా కూర్చున్నారు.